అరవై ఒక్క పేర్లు

రెడ్డెమ్మ పనిచేసే ఇంటివాళ్ళు జులై ఆఖర్లో కైరోకు పోయారు. ఏటా ఎండలు ముదిరాక పోవడం, బడులు తెరిచే నాటికి తిరిగి రావడం వాళ్ళకు అలవాటే. పోయేముందు ఇంటి యజమానురాలు, అక్కడి పిలుపులో మామా, ఇంటి తాళాలు రెడ్డెమ్మ చేతికిచ్చింది. మొక్కలకు నీళ్ళు పోయమంది, పంజరంలో పిట్టలకు గింజలు వెయ్యమంది, ఎవరొచ్చినా గేటు తియ్యొద్దంది. రెడ్డెమ్మ పాస్‌పోర్టు మాత్రం పడకగదిలోని ఇనప బీరువాలో ఉండిపోయింది. దాని తాళంచెవి వాళ్ళతోపాటే కైరోకు పోయింది.

వాళ్ళు పోయిన ఆరో రోజు, పందొమ్మిది వందల తొంభై ఆగస్టు రెండో తేదీన, ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేసింది. కిటికీ అద్దాలు అదిరిపోతుంటే రెడ్డెమ్మకు మెలకువ వచ్చింది. ఏదో పెద్ద లారీ బోల్తాపడిందనుకుంది. ఎనిమిదయ్యేసరికి సబా అల్ సలేం వీధుల్లో ట్యాంకులు తిరుగుతున్నాయి. ఫోను మూగబోయింది. మూడంతస్తుల ఇంట్లో ఆమె ఒక్కతే. ఊళ్ళో ఉన్న మొగుడు పుల్లయ్యకు తాను బతికి ఉన్నానని చెప్పే దారి ఏదీ కనబడలేదు.

నాలుగో రోజున ఎదురింటి వంటమనిషి ఆసియా బీ ఒక బట్టలమూట, అర బస్తా బియ్యం మోసుకొచ్చి గేటు తట్టింది. ఆమెది రాయచోటి. యాభై దాటిన మనిషి. ఆమె యజమానులు కారులో పట్టినంత సామాను వేసుకుని ఎడారి దారిన సౌదీకి వెళ్ళిపోయారు. ఇద్దరూ కలిసి ఉండసాగారు. మూడిళ్ళ అవతల గోడ వెనక ఎవరో ఆడపిల్ల ఏడుస్తున్నట్టు వినిపిస్తూ ఉండేది. ఆసియా బీ గోడ దగ్గర నిలబడి తెలుగులో పలకరించింది. లోపల ఉన్నది వెంకటేశ్వరి. రాజంపేట పక్క పల్లె, ఇరవై రెండేళ్ళు, వచ్చి ఐదు నెలలు. గేటు తియ్యొద్దని మామా చెప్పిందని తొమ్మిది రోజులుగా ఖర్జూరాలు, బిస్కెట్లు తిని బతుకుతోంది. ఆ మామా లండన్‌లో ఉందనీ, ఇప్పట్లో రాదనీ ఆసియా బీ గంటసేపు నచ్చజెప్పాక వెంకటేశ్వరి గొళ్ళెం తీసింది.

సైనికులు ఒకసారి ఇంట్లోకి వచ్చారు. "హిందీ?" అని అడిగారు. హిందీ అంటే వాళ్ళ భాషలో ఇండియావాళ్ళు. ముగ్గురూ తలలూపారు. వాళ్ళలో ఒకడు నీళ్ళడిగి తాగి, గ్లాసు కడిగి బోర్లించి, పోతూ పోతూ టీవీ మోసుకుపోయాడు.

ఆగస్టు నాలుగో వారంలో కబురు తెచ్చింది సమీవుల్లా. అతను ఆసియా బీకి వరసకు అల్లుడు, రిగ్గైలో ఒక రొట్టెల బట్టీకి వ్యాను నడుపుతాడు. ఇండియావాళ్ళను బస్సుల్లో బస్రాకు, అక్కణ్ణించి బాగ్దాద్‌కు, ఆపైన జోర్డాన్‌కు పంపుతున్నారట. జోర్డాన్ నుంచి బొంబాయికి విమానాలు వస్తున్నాయట. రిగ్గైలో మన తెలుగువాళ్ళే కొందరు కూర్చుని పేర్లు రాస్తున్నారు, ఆ జాబితాలో పేరున్నవాళ్ళకే బస్సు. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళ సంగతేమిటని రెడ్డెమ్మ అడిగింది. సమీవుల్లా, కంపెనీలవాళ్ళకు కంపెనీలే జాబితాలిచ్చాయనీ, ఇళ్ళల్లో ఉన్నవాళ్ళ జాబితా ఎవరి దగ్గరా లేదనీ చెప్పాడు. వాళ్ళెందరున్నారో కూడా ఎవరికీ తెలియదన్నాడు.

మర్నాడు పొద్దున రెడ్డెమ్మ, ఆసియా బీ రొట్టెల వ్యానులో వెనక కూర్చుని రిగ్గైకి పోయారు. ఒక పెద్ద భవనం కింది అంతస్తులో వందలమంది మగవాళ్ళు తోసుకుంటున్నారు. ఆ గుంపు చివర బల్ల ముందు, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారి, పేర్లు రాస్తూ కూర్చున్న మనిషిని చూడగానే రెడ్డెమ్మ కాళ్ళు ఆగిపోయాయి. ఆయన సుబ్బన్న.

వాళ్ళిద్దరిదీ ఒకే ఊరు, రాయచోటి దగ్గర కొండవాండ్లపల్లె. సుబ్బన్న ఆ ఊరికి ఏడేళ్ళు సర్పంచి, పెద్ద పార్టీ మనిషి. రెడ్డెమ్మది గిలక గుర్తు పార్టీ. ఆ చుట్టుపక్కల ఇరవై పల్లెల్లో తప్ప ఆ పార్టీ పేరు బయట ఎవరికీ తెలియదు. ఎన్నికల్లో అది గెలిచిందీ లేదు. దాని పోరాటాలన్నీ చిన్నచిన్నవి. బస్సు ఊళ్ళోకి రావాలి, చౌక దుకాణంలో కిరసనాయిలు సరిగా కొలవాలి, పురుళ్ళు పోసే నర్సమ్మ వారానికి రెండు రోజులైనా ఊళ్ళో ఉండాలి. ఆ పార్టీకి పెద్ద దిక్కు రాయచోటిలో బట్టలు కుట్టే బుడేన్ సాహెబ్. ఇరవై ఆరేళ్ళ వయసులో ఆయన అంగడి అరుగు మీద కూర్చునే రెడ్డెమ్మ అక్షరాలు నేర్చుకుంది. అక్షరాలతోపాటు ఆయన ఇంకొకటి కూడా నేర్పాడు. వట్టి నోటితో అడిగితే ఆఫీసువాళ్ళకు వినబడదనీ, ముందు ఇల్లిల్లూ తిరిగి పేరు, ఊరు, కష్టం కాగితం మీద పెట్టాలనీ, ఆ తర్వాతే అడగాలనీ ఆయన ఎప్పుడూ చెప్పేవాడు.

ఎనభై ఆరులో రెడ్డెమ్మ వాళ్ళుండే దిగువ వీధికి బోరు మంజూరయింది. సుబ్బన్న దాన్ని తన చింతతోపు పక్కన వేయించుకున్నాడు. రెడ్డెమ్మ ముప్పై ఎనిమిది ఇళ్ళు తిరిగి అర్జీ రాయించి తీసుకుపోతే ఆయన తీసుకున్నాడు గానీ బదులు చెప్పలేదు. అప్పుడు ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో ఆయన ఇంటిముందు పదకొండు రోజులు కూర్చున్నారు. రెండేళ్ళ తర్వాత ఎన్నికల్లో దిగువ వీధి ఒక్క ఓటు కూడా ఆయనకు వెయ్యలేదు. ఓడిపోయిన ఏడాదే ఆయన కువైట్ వచ్చి అల్ రాయ్‌లో కారు సామాన్ల గోదాములో పనికి చేరాడు. వేరుశనగ రెండేళ్ళు వరసగా ఎండిపోతే ఆ మరుసటేడు రెడ్డెమ్మ కూడా వచ్చింది. ఒక శుక్రవారం ఖైతాన్ బజారులో ఎదురుపడ్డారు. ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు.

వెనక్కి పోదామని రెడ్డెమ్మ అంటే ఆసియా బీ ఆమె జబ్బ పట్టుకుని బల్ల దాకా లాక్కుపోయింది. సుబ్బన్న తలెత్తి చూసి, మళ్ళీ తల దించుకుని, పాస్‌పోర్టు నంబరు అడిగాడు. లేదంది. కంపెనీ పేరు అడిగాడు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు కంపెనీ ఎక్కడుంటుందని ఆసియా బీ అడ్డుపడింది. అయితే కఫీల్, అంటే వీసా ఇచ్చి పిలిపించుకున్న యజమాని ఎవరు, ఇంటి నంబరెంత, మీ పక్క మొత్తం ఎందరున్నారు అని అడిగాడు. తన కఫీల్ పేరైతే రెడ్డెమ్మకు తెలుసు. మిగతావేవీ తెలియవు. వెనక నుంచి మగవాళ్ళు తొందరపెడుతున్నారు. వివరాలు లేకుండా వట్టి పేర్లు రాసుకుంటే పనికిరావని సుబ్బన్న గొణిగి, తర్వాత రమ్మన్నాడు.

వ్యానులో తిరిగి వస్తున్నంతసేపూ ఆసియా బీ సుబ్బన్నను తిడుతూనే ఉంది. పాత పగ తీర్చుకున్నాడంది. రెడ్డెమ్మకూ మొదట అలాగే అనిపించింది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. కానీ ఇల్లు చేరి పిట్టలకు గింజలు వేస్తుంటే ఆమెకు మరొకటి తోచింది. పగ ఉంటే ఉండొచ్చు. కానీ ఆయన అడిగినవి సరైన ప్రశ్నలే. తన దగ్గర ఒక్కదానికి తప్ప జవాబు లేదు. బుడేన్ సాహెబ్ అయితే, ఇల్లిల్లూ తిరగకుండా ఆఫీసుకెందుకు పోయినావు తల్లీ అని అడిగి ఉండేవాడు.

ఇంటివాళ్ళ పాప బడిసంచిలో పిల్లిబొమ్మ అట్ట ఉన్న నోటుబుక్కు దొరికింది. మరునాటి నుంచి రెడ్డెమ్మ, వెంకటేశ్వరి పొద్దున ఆరింటికి బయల్దేరి ఎండ ముదిరే లోపల తిరిగొచ్చేవాళ్ళు. వీధి వెంట నడుస్తూ ప్రతి గేటు దగ్గరా వెంకటేశ్వరి గొంతెత్తి, "లోపల మనోళ్ళు ఎవురన్నా ఉండారా?" అని అడిగేది. మొదటి వీధిలో ఎవరూ పలకలేదు. రెండో వీధిలో ఒక మేడమీది కిటికీ తెరుచుకుంది. ఆ కిటికీలోంచి ఒకామె, "ఏ ఊరు మేయ్ మీది?" అని అడిగి, జవాబు కోసం చూడకుండానే మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది. ఆమెను రెడ్డెమ్మ ఎన్నడూ చూడలేదు. అయినా ఆమె వచ్చి రెడ్డెమ్మను కావలించుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ తర్వాత ఒకరి ద్వారా ఇంకొకరు తెలిశారు. రెడ్డెమ్మ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి పేరు, మొగుడి పేరో తండ్రి పేరో, ఊరు, మండలం, కఫీల్ పేరు, ఇంటి నంబరు, పాస్‌పోర్టు ఎక్కడుంది, ఒంట్లో ఎలా ఉంది, ఇంట్లో ఎన్నాళ్ళకు సరిపడా తిండి ఉంది, అన్నీ అడిగి రాసుకుంది. ఆఖర్న వేలిముద్ర వేయించింది. సిరా లేకపోతే ఆసియా బీ కాటుక ఇచ్చింది. ఒకామెకు వారం రోజులుగా జ్వరం. ఒకామె ఏడు నెలల గర్భిణి, ఆ సంగతి యజమానురాలికి కూడా చెప్పలేదు. తిండి అయిపోయినవాళ్ళకు తిండి ఉన్న ఇళ్ళ నుంచి సర్దారు.

ఒక ఇంట్లో మాత్రం కువైటీ మామా ఇంకా ఉంది. ముసలామె, భర్త లేడు, ముగ్గురు కూతుళ్ళను మేడమీద దాచుకుని ఉంది. ఆ ఇంట్లో పనిచేసే సుధారాణిది పీలేరు. ఎనిమిదేళ్ళుగా అక్కడే ఉంది. మామాను ఈ స్థితిలో వదిలి రానని సుధారాణి తెగేసి చెప్పింది. ఆ మాట భాష తెలియకపోయినా మామాకు అర్థమైనట్టుంది. లోపలికి పోయి సుధారాణి పాస్‌పోర్టు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. నువ్వు ఉంటే నా పిల్లలతోపాటు నీ గురించి కూడా భయపడాలి, నువ్వు పోతే ఒక భయమైనా తగ్గుతుందని అరబ్బీలో చెప్పింది. సుధారాణి దాన్ని తెలుగులో రెడ్డెమ్మకు చెబుతూ చెబుతూ ఏడ్చేసి, తన పేరు కూడా రాసుకొమ్మంది. ఆ ముసలామె అంతటితో ఊరుకోలేదు. ఆ బ్లాకులో ఏయే ఇళ్ళల్లో ఇండియా ఆడవాళ్ళున్నారో తనకు తెలిసిన పదకొండు ఇళ్ళ నంబర్లు వేళ్ళ మీద లెక్కపెట్టి రాయించింది.

ఐదు రోజుల్లో అరవై ఒక్క పేర్లయ్యాయి. అర్జీ రాయడానికి కూర్చుంటే పైన ఎవరి పేరు పెట్టాలో రెడ్డెమ్మకు తోచలేదు. ఊళ్ళో అయితే మండలాధికారి గారికి అని రాసేది. ఇక్కడ ఉన్న ప్రభుత్వం పారిపోయింది, వచ్చిన ప్రభుత్వం టీవీలు మోసుకుపోతోంది. చివరికి "రిగ్గైలో పేర్లు రాసే పెద్దలకు" అని రాసింది.

ఆ శుక్రవారం సమీవుల్లా వ్యానును మూడుసార్లు తిప్పాడు. ఇరవై ఏడుమంది ఆడవాళ్ళు రిగ్గై చేరారు. మిగతావాళ్ళు జ్వరంతోనో భయంతోనో ఆగిపోయారు. అంతమంది ఆడవాళ్ళు ఒక్కసారి లోపలికి వచ్చేసరికి హాలులో ఉన్న మగవాళ్ళు పక్కకు జరిగి దారి వదిలారు. సుబ్బన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"ఈడ గూడా ధర్నానేనా రెడ్డెమ్మా?" అన్నాడు.

"కాదన్నా. నువ్వడిగినవన్నీ రాసుకోనొచ్చినా," అని రెడ్డెమ్మ నోటుబుక్కు బల్ల మీద పెట్టింది.

సుబ్బన్న కూర్చున్నాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మొదటి పేజీ తిప్పాడు. కొన్ని పేజీలు చదివాక తలెత్తకుండానే మాట్లాడాడు. ఆ రోజు పగతో వెనక్కి పంపలేదన్నాడు. అంతకు ముందటి బస్సులో వివరాలు సరిగా లేని ముగ్గురిని సరిహద్దులో దించేశారనీ, వాళ్ళేమయ్యారో ఇప్పటికీ తెలియదనీ, అప్పటి నుంచి వట్టి పేర్లు రాయడం మానేశాననీ చెప్పాడు. ఆ మాట ఆ రోజే చెప్పి ఉండాల్సిందని ఒప్పుకున్నాడు.

"ఊర్లో నువ్విచ్చిన అర్జీ నేను చదవలేదు మేయ్," అన్నాడు. "మడిచి చూరులో పెట్టినా. ఇది చదువుతా."

చదివాడు. అరవై ఒక్క పేర్లూ పైకి చదివాడు, ఊరు, మండలంతో సహా. హాలులో ఉన్నవాళ్ళు వింటున్నారు. మధ్యలో ఒకతను ముందుకొచ్చి, ఆ పేరు మళ్ళీ చదవమన్నాడు. ఆ పేరు అతని పిన్నమ్మ కూతురిది. కువైట్‌లోనే ఉందని తెలుసు, ఏ ఇంట్లో ఉందో తెలియక మూడు వారాలుగా వెతుకుతున్నాడు. ఆమె ఆ ఇరవై ఏడుమందిలోనే నిలబడి ఉంది. చేతిలో సంచి కింద పడేసి అతని దగ్గరికి పోయింది. ఆ తర్వాత సుబ్బన్న మరి మూడుసార్లు ఆగి, అడిగినవాళ్ళకు పేరు రెండోసారి చదవాల్సివచ్చింది.

పాస్‌పోర్టు లేనివాళ్ళకు ఔట్‌పాస్ అనే కాగితం ఇస్తారనీ, ఇన్ని వివరాలుంటే అది పుట్టించడం కష్టం కాదనీ సుబ్బన్న చెప్పాడు. చిక్కల్లా బస్సులతోనే. పది రోజుల దాకా ఉన్న బస్సులన్నీ కంపెనీలవాళ్ళతో నిండిపోయాయి. వాటిలో సోమవారం పోయే బస్సు ఆయన గోదాములో పనిచేసే మగవాళ్ళది. సుబ్బన్న సీటు కూడా అందులోనే ఉంది. ఆ మగవాళ్ళంతా అప్పుడు హాలులోనే ఉన్నారు.

రెడ్డెమ్మ వాళ్ళ వైపు తిరిగింది. ఊళ్ళో పంచాయతీ అరుగు మీద నిలబడి మాట్లాడిన అలవాటు ఆమెకుంది. కొంగుతో మొహం తుడుచుకుని నిదానంగా మాట్లాడింది.

"మేము కొట్లాటకు రాలేదన్నా. సోమవారం బస్సు మాకియ్యమని అడగను వచ్చినాం. జ్వరమొచ్చినోళ్ళుండారు, కడుపుతో ఉన్నామె ఉండాది. ఒంటిగా ఇండ్లల్లో ఉండారు, గేటుకు గొళ్ళెం తప్ప ఇంకేం లేదు. మీరు నలభైమంది ఒకే తావున ఉండారు. ఇయ్యలేమంటే ఇయ్యలేమని చెప్పండి. ఏ పొద్దు ఇస్తారో తేదీ చెప్తే రాసుకోని పోతాం."

ఒకతను, మా ప్రాణాలు ప్రాణాలు కావా అని మెల్లగా అన్నాడు. అతను అన్నది తప్పని ఎవరూ అనలేదు. రెడ్డెమ్మ కూడా అనలేదు. తర్వాత చెల్లెలు దొరికిన అతను చెయ్యెత్తాడు, తన సీటు తీసుకోమన్నాడు. అతని పక్కన ఉన్నవాడు ఎత్తాడు. సుబ్బన్న చెయ్యెత్తలేదు. కలం తీసుకుని సోమవారం జాబితాలో మొట్టమొదట ఉన్న తన పేరు అడ్డంగా కొట్టేశాడు. కాసేపట్లో నలభైమందిలో ముప్పై ఐదుమంది చేతులెత్తారు. మిగతా నలుగురూ అరగంట గొణిగి, ఒప్పుకున్నారు. ఆ నలభైమందికీ సెప్టెంబరు ఆఖరి వారం బస్సు రాశారు.

సెప్టెంబరు మూడో తేదీ పొద్దున యాభై సీట్ల బస్సులో అరవై ఒక్కమంది ఎక్కారు. సీట్లు దొరకనివాళ్ళు నడవలో మూటల మీద కూర్చున్నారు. రెడ్డెమ్మ పంజరం తలుపు తీసి పిట్టలను వదిలేసి, ఇంటికి తాళం వేసి, తాళంచెవులు సుధారాణి వాళ్ళ మామాకు అప్పజెప్పి వచ్చింది. సుబ్బన్న బస్సు మెట్టు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి ఎక్కించాడు. ఆఖర్న రెడ్డెమ్మ ఎక్కబోతుంటే, ఊళ్ళో తన భార్య సూరాయమ్మకు బాగున్నానని చెప్పమన్నాడు. ఖుబ్జు రొట్టెల కట్ట ఒకటి ఆమె చేతిలో పెట్టాడు.

సఫ్వాన్ దగ్గర ఇరాక్ సరిహద్దు. అధికారి ఒకడు బస్సెక్కి కాగితాలు చూస్తూ వచ్చాడు. వెంకటేశ్వరి దగ్గర ఆగి కఫీల్ పేరు అడిగాడు. ఆమెకు భయంతో పేరు గుర్తురాలేదు. అతను ఆమెను లేచి దిగమని సైగ చేశాడు. రెడ్డెమ్మ మూటల మీదుగా దాటుకుంటూ వచ్చి నోటుబుక్కు తెరిచి అతని ముందు పట్టుకుంది. తెలుగు అతనికి ఎలా అర్థమవుతుంది. కానీ ఎనిమిదేళ్ళలో అరబ్బీ రాయడం కూడా నేర్చుకున్న సుధారాణి ప్రతి వరుస చివరా ఇంటి నంబరు, కఫీల్ పేరు అరబ్బీలో రాసిపెట్టింది. వాటి పక్కన కాటుక వేలిముద్రలు. అతను ఒక పేజీ తిప్పాడు, ఇంకొకటి తిప్పాడు. అట్ట మీది పిల్లిబొమ్మను చూసి నవ్వాపుకోలేకపోయాడు.

"ఖలాస్. యల్లా," అంటూ, అయిపోయింది, పోండన్నట్టు చెయ్యి ఊపి దిగిపోయాడు.

బస్సు కదిలింది. ఒక మైలు దాటింది. అప్పుడు వెంకటేశ్వరికి కఫీల్ పేరు గుర్తొచ్చింది. ఆ పేరు పైకి అనేసింది. ముందు ఆసియా బీ నవ్వింది, తర్వాత బస్సంతా నవ్వింది. నెల రోజులుగా నవ్వనివాళ్ళు కడుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. వెంకటేశ్వరి ముందు చిన్నబుచ్చుకుంది, తర్వాత తనూ నవ్వింది. సుబ్బన్న ఇచ్చిన రొట్టెలు ఆ నవ్వుల మధ్యనే విరిచి పంచుకున్నారు.

బాగ్దాద్ దాటి జోర్డాన్ సరిహద్దు చేరేసరికి నాలుగు రోజులు పట్టింది. అక్కడ ఇసుకలో వేలకు వేల గుడారాలు. అన్ని దేశాలవాళ్ళూ ఉన్నారు. తొమ్మిది రోజులు ఉండాల్సివచ్చింది. నీళ్ళ ట్యాంకరు వస్తే మగవాళ్ళు ముందు పోయేవాళ్ళు, ఆడవాళ్ళకు అడుగు నీళ్ళు దక్కేవి. మరుగుదొడ్లు ఆడవాళ్ళకు వేరేగా లేవు. రెడ్డెమ్మ నోటుబుక్కులో మిగిలిన కాగితాలతో గుడారం గుడారం తిరిగింది. తమిళులనూ, మలయాళీలనూ, పంజాబీలనూ కలుపుకుని, అక్కడ సాయం చేస్తున్న తెల్ల కోటు దొరసాని దగ్గరికి వెళ్ళింది. ఒక మలయాళీ నర్సు ఇంగ్లీషులో చెప్పిపెట్టింది. మూడో రోజుకు ఆడవాళ్ళకు వేరే ట్యాంకరు వచ్చింది, గోనెపట్టాలతో నాలుగు మరుగుదొడ్లు కట్టారు. ఆ సాయంత్రం ఏడు నెలల గర్భిణి తలారా స్నానం చేసి వచ్చి, ఇంక నాకేం కాదక్కా అంది.

పదో రోజున అమ్మాన్‌లో విమానం ఎక్కారు. బొంబాయిలో దిగగానే ఎవరో వేడి టీ, పావురొట్టె ఇచ్చారు, రైలు కాగితాలు ఇచ్చారు. రైల్లో రెడ్డెమ్మ కడప దాకా నిద్రపోయింది. ఎవరు లేపినా లేవలేదు.

రాయచోటి బస్టాండులో దిగేసరికి పుల్లయ్య నిలబడి ఉన్నాడు. పక్కన బుడేన్ సాహెబ్. తాను వస్తున్నట్టు వాళ్ళకెలా తెలిసిందని రెడ్డెమ్మ ఆశ్చర్యపోయింది. విషయం తర్వాత తెలిసింది. ఆగస్టు మొదటి వారం నుంచే గిలక పార్టీవాళ్ళు పల్లె పల్లె తిరిగి కువైట్‌లో ఉన్నవాళ్ళ పేర్లు రాశారు. పందొమ్మిది పల్లెల్లో మూడు వందల డెబ్భైమంది తేలారు. ఆ జాబితాతో మండలాఫీసు ముందు కూర్చుని, బొంబాయి చేరినవాళ్ళ పేర్లు తెప్పించి రోజూ పొద్దున చదివి వినిపించాలని అడిగారు. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. పెద్ద పార్టీ వాళ్ళ ఇళ్ళల్లోనూ కువైట్‌కు పోయినవాళ్ళున్నారు కాబట్టి వాళ్ళూ వచ్చి కూర్చున్నారు. ఆ తర్వాత గుమాస్తా రోజూ తొమ్మిదింటికి అరుగు మీద నిలబడి పేర్లు చదవసాగాడు. రెడ్డెమ్మ పేరు ముందు రోజు చదివాడు. పుల్లయ్య నమ్మలేక ఇంకోసారి చదవమన్నాడట.

బుడేన్ సాహెబ్ రెడ్డెమ్మ తల మీద చెయ్యి పెట్టి, చిక్కిపోయినావు అన్నాడు. ఎంతమంది వచ్చినారని అడిగాడు. అరవై ఒక్కమందీ వచ్చారని చెప్పింది. ఆయన తల ఊపాడు. అంతకు మించి పొగడడం ఆయనకు చేతకాదు.

ఊరు చేరాక రెడ్డెమ్మ ముందు తన ఇంటికి పోలేదు. మూట పుల్లయ్య చేతికిచ్చి సుబ్బన్న ఇంటికి పోయింది. నాలుగేళ్ళుగా ఆ గడప తొక్కలేదు. సూరాయమ్మ వసారాలో రాగులు చెరుగుతోంది. రెడ్డెమ్మను చూసి చేట కింద పెట్టింది. మండలాఫీసులో ఇంతవరకూ సుబ్బన్న పేరు చదవలేదు. ఈ మనిషి ఏ వార్త తెచ్చిందోనని ఆమెకు భయమేసింది.

"అన్న బాగుండాడు వదినా," అంది రెడ్డెమ్మ గడప దగ్గర నిలబడే. "ఆయన సీటు మాకిచ్చినాడు. అందుకే ఆలస్యం. వెనకాల బస్సులో వస్తాడు."

సూరాయమ్మ లేచి గడప దగ్గరికి వచ్చింది. తర్వాత, "తింటాండాడా?" అని మాత్రం అడిగింది.

తింటున్నాడని రెడ్డెమ్మ చెప్పింది. నిలబడి టీలో రొట్టె ముంచుకుని తింటాడనీ, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారిపోతే మోచేత్తో పైకి తోసుకుంటాడనీ, పేరు తప్పు చెబితే ఎంతటివాణ్ణైనా మళ్ళీ చెప్పమంటాడనీ చెప్పింది. ఆ మోచేతి మాట వినగానే సూరాయమ్మ నవ్వేసింది. నవ్వుతూనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. లోపలికి పోయి చెంబెడు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. రెడ్డెమ్మ వసారాలో కూర్చుని మొత్తం తాగింది.

తన ఇంటికి పోయేటప్పుడు పుల్లయ్య ఆ ఏడు వేరుశనగలో కలుపు ఎంత పెరిగిందో, రెండు మేకలు ఎలా తప్పిపోయి దొరికాయో, పెద్దది ఎలా ఈనిందో చెప్పుకుంటూ నడిచాడు. మామూలుగా అయితే రెడ్డెమ్మ మధ్యలో అడ్డుపడి, కలుపు ఎందుకు తీయించలేదని అడిగేది. ఆ పొద్దు ఏమీ అడగలేదు. ఆయన చెబుతుంటే వింటూ నడిచింది.

మూడు వారాల తర్వాత, అక్టోబరు రెండో వారంలో, గుమాస్తా సుబ్బన్న పేరు చదివాడు. ఆయనతోపాటు ముప్పై తొమ్మిదిమంది గోదాము మనుషుల పేర్లు కూడా. ఆ పొద్దు మండలాఫీసు దగ్గర రెడ్డెమ్మ, సూరాయమ్మ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఆఖరి పేరు దాకా విని, లేచి చీరలు దులుపుకుని, ఊరి బస్సుకు పోయారు.